తెల్ల బెల్లం, నల్ల బెల్లం

నా చదువు సంగతి ముందే చెప్పేసుకుంటాను. లేకపోతే తర్వాత మీరే కనిపెట్టి నవ్వుతారు. ఉర్దూ బడిలో అలీఫ్ పట్టుకుని లేచాను, రెండో అక్షరం బే దగ్గర కూలబడ్డాను. మళ్ళీ లేపడం మౌల్వీ సాబు వల్ల కాలేదు. "వీనికి చెప్పేకంటె నీ ఎద్దును బడికి తోలియ్యి, అదన్న తలకాయ ఊపుతది" అన్నాడు మా బాపుతో. మా బాపుకు ఎద్దు లేదు. అందుకని నన్నే ఇంటికి తోలుకొచ్చాడు.

అటువంటి నన్ను పట్టుకుని మొన్న మా మనవరాలు రాజకీయం అడిగింది. బయట మైకు కట్టిన ఆటో ఒకటి వీధంతా దుమ్ము లేపుతోంది. ఆ పిల్ల పేపరు తెచ్చి నా మొహం ముందు పెట్టింది.

"తాతా, మనం ఇన్నేండ్లు ఓటేసిన పార్లమెంటు సీటు ఇగ లేదట. కామారెడ్డిని, ఎల్లారెడ్డిని తీస్కపోయి ఇంకోదాంట్ల కలిపిన్రు. నీకేం అనిపిస్తలేదా?"

"అనిపించెటందుకు ఇదేమన్న కొత్తనా బిడ్డా! ఒక సీటు పుట్టుడు, ఒక్కపారి ఓట్లు పడుడు, సచ్చుడు, మూడూ నైజాం కాలంల, చిన్నప్పుడే నా కండ్లతోని చూసిన."

పిల్ల నమ్మలేదు. నైజాం రాజ్యంలో ఓట్లెక్కడివి అంది. నిజమే, పుస్తకాల్లో ఉండకపోవచ్చు. కానీ ఆ ఓట్లు నేను చూడటమే కాదు, ఒకటి రెండు నోట్లో వేసుకున్నాను కూడా. ఆ తీపి ఇప్పటికీ నాలుక వెనకాల ఎక్కడో దాక్కునే ఉంది.

కామారెడ్డిలో రైలు స్టేషను ముందు మా బజారు. పాత ఊరివాళ్ళు మమ్మల్ని మనుషుల్లో జమకట్టేవాళ్ళు కాదు. రైలు వచ్చాక పోగైన జనం మరి. చెరుకు గానుగలు మొదలయ్యాయంటే చాలు, ఆ బజారు బజారంతా ఒక పెద్ద బెల్లం ముద్ద! ఎక్కడ చెయ్యి పెట్టినా అంటుకునేది. గోడలు, బండి నొగలు, మా జుట్టు, అన్నీ జిగటే. తాజా బెల్లం వాసన, దాని మీదుగా ఇంజను బొగ్గు పొగ, కింద ఎద్దుల చెమట, ఈ మూడూ కలిస్తే మా బజారు గాలి. కందిరీగలు మత్తుగా తిరిగేవి, కుట్టే ఓపిక లేకుండా. మా చీమలు సైతం మధ్యాహ్నం కాసేపు పడుకునేవని నా అనుమానం.

తాడ్వాయి బండ్లు, సదాశివనగర్ బండ్లు పొద్దున్నే దిగేవి. నిజాంసాగర్ కాలువ నీళ్ళు పారాక నస్రుల్లాబాద్ వైపు నుంచి కూడా రావడం మొదలుపెట్టాయి. ఎల్లారెడ్డి బండ్లు ఎండెక్కాక వచ్చేవి, ఎద్దులూ మనుషులూ ఒకే తీరుగా నాలుకలు వేలాడేసి. దారి మా బజారులోకి వచ్చేచోట మలుపు తిరుగుతుంది. సరిగ్గా ఆ మలుపులో మా అవ్వ పొయ్యి. మా వైపు అవ్వంటే అమ్మే. నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, కింద పెద్ద పెనం. జొన్న రొట్టె ఆమె రెండు చేతుల మధ్య చప్‌చప్‌మని తిరుగుతుంటే ఎద్దులు కూడా వాటంతట అవే ఆగేవి. రొట్టె మీద పచ్చిమిరపకాయల తొక్కు, పక్కన ఉల్లిగడ్డ. బండివాళ్ళు రొట్టెతో పాటు ఊళ్ళ సంగతులన్నీ అక్కడే నమిలేవాళ్ళు. ఎవరి గానుగ విరిగింది, ఎవరి కోడలు అలిగింది, ఏ ఊళ్ళో ఏ దొర ఎవరి మీద ఎగిరాడు, అన్నీ.

మా బాపు హమాలీ. అడ్తి సావుకారు దగ్గర బెల్లం దించేవాడు. రైతుల బెల్లం కొనేవాళ్ళకు అమ్మించి మధ్యలో తన వాటా తీసుకునే మనిషి ఆ సావుకారు. చెవులకు బంగారు పోగులు, చేతిలో గొడుగు, ఎండ లేకపోయినా గొడుగు. బజారులో ఒక రివాజు ఉండేది. కుప్ప పోసిన బెల్లం ఎవరైనా చిదిమి రుచి చూడవచ్చు, ఎవరూ అడ్డం చెప్పకూడదు. సావుకారు మనుషులు ఈ రివాజును ఎంత భక్తిగా పాటించేవాళ్ళంటే, రుచి చూడటం అయ్యేసరికి కుప్పకు ఒక పక్క బొక్క పడేది. తాడ్వాయి రైతు ఒకాయన ఒకసారి ఏడుపు మొహం పెట్టాడు.

"సావుకారూ, మీవోళ్ళు తిన్నది కూడ తూకంల వెట్టుండ్రి. నేను, పెండ్లాం, పిల్లలం కలిసి వండినం."

సావుకారు గొడుగు ఊపి, రోజూ చెప్పే మాటే చెప్పాడు. "రుచి జూసిన బెల్లం లెక్కల రాదు. గిది అంగడి కాయిదా."

ఆ కాయిదాను, అంటే ఆ కట్టుబాటును, పిల్లలం మేమూ వాడుకున్నాం. బాపు తువ్వాలను తలకు రుమాలుగా చుట్టి, కొనడానికొచ్చిన సావుకారులా చేతులు వెనక్కి కట్టుకుని కుప్పల మధ్య తిరిగేవాణ్ణి. ఒక ముక్క చిదిమి, కళ్ళు మూసి, "పాకం జెర ముదరాలె" అని తల ఊపి పక్క కుప్పకు. మౌల్వీ సాబు చూసుంటే సంతోషించేవాడు, తల ఊపడం వచ్చింది కదా! సదాశివనగర్ రైతు ఒకాయన నాలుగు కుప్పల దాకా ఓపిక పట్టి, తర్వాత నన్ను రుమాలుతో సహా ఎత్తి చెరుకు పిప్పిలో వేశాడు. "పాకం ముదిరిందా సావుకారూ?" అని అడిగాడు. ముదిరిందని ఒప్పుకున్నాను.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున డప్పు మోగింది. తాసీల్దారు సాబు కొత్తగా కమిటీ వేస్తున్నాడు. బెల్లం అంగడి ఎక్కడుండాలో ఆ కమిటీ తేలుస్తుంది. అందులో స్టేషన్ బజారు తరఫున ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషిని బజారువాళ్ళే ఎన్నుకోవాలి! ఇంటికొక ఓటు, ఇంట్లో మొగాయన వేయాలి.

ఓటంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. డప్పు కొట్టినవాణ్ణే అడిగాం. "నాకేం ఎరుక, కొట్టుమన్నరు కొట్టిన" అన్నాడు. అయినా బజారంతా పెళ్ళిలా లేచింది! మమ్మల్ని మనుషుల్లో జమకట్టని పాత ఊరికి లేని ముచ్చట మాకొచ్చింది మరి. మంగలి దగ్గర జనం, చాయ్ హోటలు దగ్గర జనం. ఆ రోజు గడ్డం లేనివాళ్ళు కూడా గడ్డం చేయించుకున్నారు.

ఎందుకంత హడావుడో అవ్వకు అందరికంటే ముందే అర్థమైంది. పట్టాలకు అవతల సావుకారు భూమి కొన్నాడు. అంగడిని అక్కడికి మార్చాలని ఆయన పట్టు. మారిందా, బండ్లు రైలు గేటు దాటి అటు నుంచి అటే పోతాయి. మా మలుపులోకి ఒక్క ఎద్దు కూడా తల తిప్పదు. సావుకారు నిలబడతానన్నాడు. ఎదురు ఎవరు నిలబడతారు? రేపు మళ్ళీ ఆయన అడ్తిలోనే కదా అందరి పనీ!

చివరకు అవ్వే పోయి వడ్ల తాతను లేపింది. వడ్ల తాత అంటే వడ్రంగి, బండి చక్రాలు చేసేవాడు. ఎల్లారెడ్డి నుంచి విరిగిన చక్రమొకటి బాగుచేయడానికి వచ్చి, అది బాగయ్యేలోపు ఇంకో చక్రం విరిగి, అట్లా ఇక్కడే ముసలివాడైపోయాడు. ఎవరి దగ్గరా పని చేయడు, ఎవరికీ భయపడడు, ఎక్కువ మాట్లాడడు.

"నాకెందుకే ఈ లొల్లి?" అన్నాడు బాడిసె దించకుండానే.

"అంగడి అవతలికి పోతే బండ్లు ఈ తొవ్వల రావు. చక్రాలు నీ కాడ ఇరుగుతయా, పట్టాల కాడ ఇరుగుతయా?" అంది అవ్వ.

తాత బాడిసె కింద పెట్టాడు.

సావుకారు పగలబడి నవ్వాడు. "గా ఎల్లారెడ్డోడు మన బజారుకు పెద్దమనిషా? పరాయోడు!"

"నువ్వేమన్న గీడనే మొలిచినవా సావుకారూ?" రొట్టె తిరగేస్తూ అంది అవ్వ. "నువ్వు రైల్ల అచ్చినవ్, ఆయన బండ్ల అచ్చిండు. బండి జెర ముందుగాల అచ్చింది."

ఓటు దేనితో వేయాలి? చింతగింజలన్నారు, పల్లికాయలన్నారు. సావుకారుకు అవి చిన్నతనం అనిపించాయి. "మనది బెల్లం బజారు. బెల్లంతోనే ఎయ్యాలె!" తాసీల్దారు సాబుకు ఆ మాట నచ్చింది. ఒక్కొక్క ఇంటాయనకు రెండు గడ్డలు ఇస్తారు, సావుకారుది ఒకటి, తాతది ఒకటి. గోనె పరదా వెనక్కి పోయి, తనకు కావలసిన మనిషి గడ్డ కుండలో వేయాలి, రెండోది పక్క గంపలో పడేయాలి, ఓటు వేయకుండా బయటికి రాకూడదు అని మళ్ళీ డప్పు కొట్టించారు. నిలబడినవాళ్ళే ఎవరి గడ్డలు వాళ్ళు తెచ్చుకోవాలి. సావుకారు తన గొప్ప చూపించుకోవడానికి నస్రుల్లాబాద్ నుంచి తెల్ల బెల్లం తెప్పించాడు. బంగారం తురుములా మెరుస్తోంది, చూస్తేనే నోరూరేట్టు. తాత దగ్గర ఉన్నది నల్ల బెల్లం. చౌడు భూమి చెరుకుది, ఉప్పగా, ఇసుక ఇసుకగా ఉంటుంది. ఈనిన బర్రెలకు పెడతారు. బర్రెలు కూడా మొహమాటానికి తింటాయి.

మా ఇంట్లో మాత్రం ఓటు అంత తీపిగా లేదు. అన్నం దగ్గర బాపు తల ఎత్తలేదు.

"సావుకారు మమ్ముల నిలవెట్టి అడిగిండు. తూకం తరాజు ముట్టి మాటిచ్చిన. తెల్లదే ఎయ్యాలె."

"అంగడి అవతలికి పోతే నా పొయ్యి కాడికి ఎవలొస్తరయ్యా? రైలింజనొస్తదా రొట్టె తిన?"

"నాకెరుక లేదా? గని మాటిచ్చిన గద."

బాపు మాట అంటే మాటే. బస్తా వేస్తానంటే ఒళ్ళు కాలుతున్నా వేసేవాడు. అవ్వ ఇంకేమీ అనలేదు. నాకు భయం వేసింది. అవ్వ పోట్లాడితే నాకు భయం ఉండదు, ఊరుకుంటేనే.

ఓట్ల రోజు పొద్దున అవ్వ నన్ను రోలు దగ్గర కూర్చోబెట్టింది. మిరపకాయలు పోస్తూనే ఉంది. నా కళ్ళలోంచి, ముక్కులోంచి కాలువలు.

"అవ్వా, గింత కారమా? మనుషులు తింటరా?"

"నూరు."

"ఉప్పు ఎయ్యవా?"

"నోర్మూసుకొని నూరు. ఇయ్యాల రొట్టె ఊరికె పంచుతున్న."

ఊరికే! బజారులో ఆ మాట పడగానే ఓటుకు పోయే ప్రతివాడూ ముందు మా పొయ్యి దగ్గర ఆగాడు. సావుకారు మనుషులు కూడా ఆగారు, మొదట వాళ్ళే ఆగారు. తినడం, ఎగరడం! "నీళ్ళు, నీళ్ళు!" అంటే అవ్వ ఎంతో బాధపడుతూ బోర్లించిన కుండ చూపించేది. "కడవ పలిగింది బిడ్డా, ఏం జెయ్యను. పోయి ఓటేసి రాండ్రి, గంతల నీళ్ళు తెప్పిస్త." జనం హుఁ హుఁ అని ఊదుకుంటూ వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతిలో తాసీల్దారు కచేరీ చప్రాసి రెండు గడ్డలు పెడుతున్నాడు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. మండే నోరు, చేతిలో బెల్లం, ముందర పరదా! లోపలికి పోతున్నప్పుడు ఏడుపు మొహాలు, బయటికి వస్తున్నప్పుడు దేవుణ్ణి చూసొచ్చిన మొహాలు.

బాపు వంతు వచ్చింది. నేను ఉండబట్టలేక పరదా వెనక చేరి గోనెలో చిరుగుకు కన్ను ఆనించాను. బాపు లోపల నిలబడి ఉన్నాడు. రెండు కళ్ళల్లోంచి నీళ్ళు, అవి తొక్కుకో, మాటకో చెప్పలేను. నల్ల గడ్డ ఉన్న ఎడమ చేతిని గంప వైపు చాచాడు. తెల్లదాన్ని కుండ మీదికి ఎత్తాడు. అయిపోయింది మా పొయ్యి! అప్పుడు ఒక్క క్షణం ఆ తెల్ల గడ్డ ముక్కు దగ్గరికి వచ్చింది. బాపు వాసన చూశాడు. హుఁ అని ఊదాడు. ఒక మూల కొరికాడు. కళ్ళు మూశాడు. ఇంకో మూల కొరికాడు. నాలుక కాస్త చల్లబడి కళ్ళు తెరిచేసరికి చేతిలో తెల్లది లేదు. బాపు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, పరాయివాడి చేతిలాగా. కుండలో తొంగి చూశాడు, గంపలో వెతికాడు. ఇక మిగిలింది ఒక్కటే. ఓటు వేయకుండా బయటికి పోకూడదని డప్పు చెప్పింది కదా. నల్ల గడ్డను కుండలో మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

నేను నోరు రెండు చేతులతో మూసుకుని పరుగెత్తాను.

లెక్కకు తాసీల్దారు సాబు స్వయంగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అంగడికి వచ్చిన రైతులు, బండివాళ్ళు చుట్టూ గుమిగూడారు. కుండ బోర్లించారు. నల్లగా ఒక కుప్ప! అందులో అక్కడక్కడా తెల్ల ముక్కలు, పప్పులో రాళ్ళలాగా. సావుకారు గొడుగు కింద పడిపోయింది.

"గంప చూపియ్యుండ్రి!"

గంపలో కొన్ని నల్ల గడ్డలున్నాయి. తెల్లది ఒక్కటీ లేదు.

"సర్కార్! నా గడ్డలు కుండల లెవ్వు, గంపల లెవ్వు. నా ఓట్లు తిన్నరు! బజారోళ్ళు నా ఓట్లు తిన్నరు!"

సాబు జనం వైపు చూశాడు. "ఎవరు తిన్నారు?"

అందరూ మీసాలు తుడుచుకున్నారు. బాపు నేల చూశాడు.

"ఈ లెక్క చెల్లదు హుజూర్," అన్నాడు సావుకారు. "పరదా తీసెయ్యుండ్రి. నా తరఫోళ్ళు నా దిక్కు నిలవడాలె, ఆయన తరఫోళ్ళు ఆయన దిక్కు. గందరి ముంగట!"

సాబు గడ్డం నిమురుకుని, బాగానే ఉంది అన్నట్టు తల ఊపాడు. అందరి ముందు సావుకారుకు ఎదురుగా ఎవడు నిలబడతాడు? ఏ హమాలీ నిలబడతాడు? బాపు అప్పుడే సావుకారు వైపు ఒక అడుగు వేశాడు.

"దొరా, ఒక్క మాట."

అవ్వ గొంతు. చేతులకు పిండి, కొంగు నడుముకు చెక్కి ఉంది. సాబు ముందు బజారు ఆడమనిషి మాట్లాడటం నేను అంతకు ముందు చూడలేదు.

"ఓట్లు బెల్లంతోని ఎయ్యాలన్నది సావుకారే. బెల్లం అన్నంక అంగడి కాయిదా నడుస్తదా, నడువదా?"

"నడుస్తుంది," అన్నాడు సాబు.

"అయితె నేను జెప్ప. రైతు కుప్ప మీద వీళ్ళ మనుషులు తిన్నదానికి సావుకారు రోజూ ఏం జెప్తడో, గీ నిలవడ్డ రైతులను అడుగుండ్రి."

గుంపులోంచి తాడ్వాయి రైతు గొంతు, ఎన్నాళ్ళో కడుపులో దాచుకున్నట్టు పేలింది. "రుచి జూసిన బెల్లం లెక్కల రాదు!"

"లెక్కల రాదు!" సదాశివనగర్ వాళ్ళు.

"రాదంటె రాదు!" ఎల్లారెడ్డి బండివాళ్ళు చర్నాకోలలు పైకెత్తారు. బజారు బజారంతా అందుకుంది. ఇంజను కూత కూడా వినబడలేదు. నేను బండి మీదెక్కి అందరికంటే గట్టిగా అరిచాను, అరిచి కింద పడ్డాను, పడి కూడా అరిచాను!

సాబు చేయెత్తాడు. "సావుకార్, ఇది నీ మాటేనా?"

సావుకారు వంగి గొడుగు ఏరుకున్నాడు. కాదంటే రేపటి నుంచి రైతు రైతుకూ తిన్న బెల్లం తూకంలో పెట్టాలి.

"నాదే సర్కార్," అన్నాడు.

"అయితే కుండలో ఉన్నదే లెక్క." సాబు లేచాడు. లేస్తూ కుప్పలోంచి మిగిలిన ఒక తెల్ల ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. ఆయన అటు తిరగగానే ఇంకో ఒకటి రెండు నా నోట్లోకి పోయాయి.

వడ్ల తాత కమిటీలో కూర్చున్నాడు. "అంగడి కదలది" అన్నాడట ఒక్క మాట, ఆ తర్వాత కుర్చీలోనే కునుకు తీశాడట. అంగడి కదల్లేదు. సావుకారు బాపును పనిలోంచి తీసేయలేదు గానీ, ఒకరోజు పట్టుకుని నిలదీశాడు. "తరాజు ముట్టి మాట దప్పినవ్ గదరా!"

"తప్పలే సావుకారూ," అన్నాడు బాపు తల గోక్కుంటూ. "మింగిన."

పడీ పడీ నవ్వింది సావుకారే.

మా సీటు మాత్రం బతకలేదు. ఆ సాబు బదిలీ అయ్యాడు, కొత్తాయన వచ్చి ఒక బజారుకు వేరే మనిషెందుకని పాత ఊరిలో కలిపేశాడు. డప్పు కూడా కొట్టించలేదు. తర్వాత పెద్ద పెద్ద ఓట్లు వచ్చాయి, కాగితాలొచ్చాయి, పెట్టెలొచ్చాయి, మిషన్లొచ్చాయి. బండ్లు పోయి లారీలొచ్చాయి. మలుపు అలాగే ఉంది గానీ అక్కడ ఆగే ఎద్దు లేదు. ఇప్పుడు అటు పోతే బెల్లం వాసన కోసం ముక్కు అదే పనిగా వెతుకుతుంది, డీజిలు పొగ పీల్చి వెనక్కొస్తుంది. నేను వేసిన ఓట్లలో ఏదీ అంత తియ్యగా లేదు, ఏదీ అంతగా గెలిచినట్టు అనిపించలేదు.

గెలిచిన మర్నాడు నేను నేల మీద నడిస్తే ఒట్టు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కట్టెలు ఎగదోస్తున్న అవ్వను ఉడికించాలనిపించింది.

"అవ్వా, గెలిపిచ్చింది నువ్వు, ఓటేసిందేమొ బాపు. నీకూ రెండు గడ్డలిస్తె ఎవలికేస్తుంటివే?"

అవ్వ పొగలోంచి మొహం ఎత్తి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకిస్తెనా? రెండూ నేనే తింటుంటి. ఎవడు గెలిచినా పొయ్యి ఊదెటిది నేనే గదరా."